లైనక్స్ లైవ్ సీడీ బూట్ కాకపోతే: ఎక్కడ ఆగిందో పట్టుకుని సరిచేయడం ఎలా

లైవ్ సీడీ అంటే ఇన్‌స్టాల్ చేయకుండానే లైనక్స్‌ను నేరుగా నడిపే డిస్కు. "లైవ్ సీడీ పెట్టాను, ఏమీ రావట్లేదు" అని అడిగేవాళ్లను నేను ముందు ఒకటే అడుగుతాను: ఏమీ రాకపోవడం అంటే స్క్రీన్ మీద సరిగ్గా ఏం కనిపిస్తోంది? నేరుగా విండోస్ వచ్చేస్తోందా? నల్ల తెర మీద ఒక గీత మిణుకుమిణుకుమంటూ ఉండిపోయిందా? మెనూ వచ్చి, ఎంటర్ కొట్టాక ఆగిందా? ఈ మూడూ వేర్వేరు జబ్బులు. ఒకే మందు పనిచేయదు.

చాలామంది చేసేది, గుడ్డెద్దు చేలో పడ్డట్టు బయోస్‌లోకి (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామ్ సెట్టింగుల్లోకి) దూరి కనిపించిన సెట్టింగునల్లా మార్చేయడం. నేనూ ఒక సాయంత్రమంతా అలాగే తగలేశాను. చివరికి తేలిందేమిటంటే డౌన్‌లోడ్ మధ్యలో తెగి, ఐఎస్ఓ ఫైలే (డిస్కు మొత్తాన్ని ఒకే ఫైలుగా చుట్టినది) సగం వచ్చింది. ఈలోగా ఏ సెట్టింగు ఎలా ఉండేదో మరిచిపోయి, అంతవరకూ బాగున్న విండోస్ కూడా లేవడం మానేసింది.

కాబట్టి ఇక్కడ వరుస ముఖ్యం. ముందు ఎక్కడ ఆగిందో చూడాలి, తర్వాత ఆ ఒక్కచోటే చెయ్యి పెట్టాలి, ఒకసారికి ఒక్క మార్పే చేయాలి.

సీడీ అంటున్నా ఇప్పుడు ఎక్కువమంది వాడేది పెన్‌డ్రైవే. చెప్పేవి రెండింటికీ వర్తిస్తాయి, డిస్కు అన్నప్పుడు రెండూ అనుకోండి. సీడీకి మాత్రమే సంబంధించినవి విడిగా చెబుతాను. కమాండ్లను తెలుగులో పలికినట్టు రాస్తున్నాను, టైప్ చేయాల్సింది మాత్రం ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో. తికమక పడే చోట అక్షరాలు విడదీసి ఇస్తాను.

## 1. మొదలుపెట్టే ముందు దగ్గర ఉండాల్సినవి

☐ బాగా పనిచేస్తున్న ఇంకో కంప్యూటర్. ఐఎస్ఓ మళ్లీ దించుకోవడానికి, అదే డిస్కును అక్కడ పెట్టి చూడటానికి.

☐ 8 జీబీ లేదా అంతకంటే పెద్ద పెన్‌డ్రైవ్. దాంట్లో ఉన్నదంతా పోతుందని గుర్తుంచుకోండి.

☐ ఫోన్ కెమెరా. కొన్ని ఎర్రర్లు అర సెకను కనిపించి పోతాయి. వీడియో తీసి, ఆపి ఆపి చూస్తే దొరుకుతాయి.

☐ కాగితం, పెన్ను. బయోస్‌లో ఏది మార్చినా ముందున్న విలువ రాసుకోవడానికి.

☐ వైరున్న కీబోర్డు. బ్లూటూత్ కీబోర్డు బూట్ సమయంలో చాలాచోట్ల అసలు పనిచేయదు.

☐ బిట్‌లాకర్ రికవరీ కీ.

ఈ చివరిదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. విండోస్ డిస్క్ బిట్‌లాకర్‌తో ఎన్‌క్రిప్ట్ అయ్యుంటే, సెక్యూర్ బూట్‌ను (నమ్మిన సంతకం ఉన్న ప్రోగ్రామ్‌లనే బూట్ కానిచ్చే సెట్టింగు) ఆపినా కొన్ని ఇతర బూట్ సెట్టింగులు మార్చినా, తర్వాత విండోస్ తెరిచినప్పుడు 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. కీ లేకపోతే మీ ఫైళ్లు మీకే అందవు. కొత్త ల్యాప్‌టాప్‌లలో ఈ ఎన్‌క్రిప్షన్ మీరు ఆన్ చేయకుండానే ఆన్ అయ్యి ఉండొచ్చు. మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో కీ ఉందేమో చూసి, కాగితం మీద రాసుకున్నాకే ముందుకెళ్లండి.

## 2. ఎక్కడ ఆగిందో తేల్చుకోండి

లైవ్ సీడీ లేవడంలో నాలుగు మెట్లున్నాయి. మొదట ఫర్మ్‌వేర్, అంటే బయోస్ లేదా యూఈఎఫ్ఐ, డిస్కును వెతుకుతుంది. రెండోది బూట్‌లోడర్: గ్రబ్ గానీ ఐసోలైనక్స్ గానీ మెనూ చూపిస్తుంది. మూడోది లైనక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ మెమరీలోకి ఎక్కడం. నాలుగోది, డిస్కులో కుదించి పెట్టిన అసలు సిస్టమ్‌ను, స్క్వాష్‌ఎఫ్ఎస్ అనే ఒక పెద్ద ఫైలును, తెరిచి డెస్క్‌టాప్ తేవడం.

మీకు కనిపించేదాన్ని బట్టి:

- నేరుగా విండోస్ వచ్చేస్తోంది, లేదా "నో బూటబుల్ డివైస్" అంటోంది: మొదటి మెట్టు. 3, 4, 5 భాగాలు.
- "సెక్యూరిటీ వయొలేషన్", "సెక్యూర్ బూట్" అనే మాటలు కనిపిస్తున్నాయి: 6వ భాగం.
- మెనూ బదులు గ్రబ్ ప్రాంప్టో, ఐసోలైనక్స్ ఎర్రరో వచ్చింది: 7వ భాగం.
- మెనూ వచ్చింది, ఎంటర్ కొట్టాక తెర నల్లబడింది: 8వ భాగం.
- అక్షరాలు గబగబా వచ్చి, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ అనే ప్రాంప్ట్ దగ్గర ఆగింది: 9వ భాగం.

దీనికి తోడు రెండు చిన్న పరీక్షలు చేయండి. ఇదే డిస్కును ఇంకో కంప్యూటర్‌లో పెట్టండి. అక్కడ లేస్తే డిస్కు మంచిదే, ఇక గొడవంతా మీ మెషీన్‌తోనే. అక్కడా లేవకపోతే బయోస్ జోలికే వెళ్లొద్దు, నేరుగా 3, 4 భాగాలు చూడండి.

రెండో పరీక్ష: ఐఎస్ఓ ఫైలును వర్చువల్‌బాక్స్ లాంటి వర్చువల్ మెషీన్‌లో తెరవండి. అక్కడ డెస్క్‌టాప్ దాకా వస్తే ఫైల్ దాదాపుగా బాగున్నట్టే, తప్పు డిస్కు మీదకు రాయడంలోనో మీ మెషీన్‌లోనో ఉంది. పది నిమిషాల పని. సగం సమస్యలు ఈ రెండు పరీక్షలతోనే ఒక కొలిక్కి వస్తాయి.

## 3. ఐఎస్ఓ ఫైల్ సరైనదేనా

రకం. మామూలు ఇంటెల్, ఏఎండీ కంప్యూటర్లకు కావాల్సింది ఏఎండీ64 అని రాసి ఉన్న ఫైల్. పేరులో ఏఎండీ ఉందని ఇంటెల్ వాళ్లు భయపడక్కర్లేదు, రెండింటికీ అదే. కొన్నిచోట్ల దాన్నే ఎక్స్86-64 అంటారు. ఏఆర్ఎం64 అన్నది వేరే జాతి. పొరపాటున అది దించుకుంటే మీ మెషీన్‌కు అది బూట్ డిస్కులాగే కనిపించదు.

బాగా పాత, 32 బిట్ ప్రాసెసర్ అయితే "దిస్ కెర్నల్ రిక్వైర్స్ ఏన్ ఎక్స్86-64 సీపీయూ" అని మెసేజ్ వస్తుంది. దీనికి సెట్టింగులతో మందు లేదు. 32 బిట్ ఐఎస్ఓ ఇచ్చే డిస్ట్రో, అంటే లైనక్స్ రకం, వెతుక్కోవాలి. ఉబుంటు, ఫెడోరా ఎప్పుడో మానేశాయి. డెబియన్ కూడా 2025లో వచ్చిన 13వ వెర్షన్‌తో 32 బిట్ పీసీలకు ఇన్‌స్టాలర్ ఇవ్వడం ఆపేసింది.

చెక్‌సమ్, అంటే ఫైల్ లోపలి సమాచారం నుంచి లెక్కగట్టిన గుర్తు. డౌన్‌లోడ్ పేజీలో ఎస్‌హెచ్ఏ256 అని 64 అక్షరాల వరుస ఇస్తారు. మీ ఫైల్‌కూ అదే రావాలి. ఒక్క అక్షరం తేడా వచ్చినా ఫైల్ పాడైనట్టే.

- విండోస్‌లో సెవెన్-జిప్ ఉంటే ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి, సీఆర్‌సీ ఎస్‌హెచ్ఏ మెనూలో ఎస్‌హెచ్ఏ-256 ఎంచుకోండి. లేదంటే పవర్‌షెల్‌లో గెట్-ఫైల్‌హ్యాష్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, ఫైల్‌ను మౌస్‌తో ఆ కిటికీలోకి లాగి ఎంటర్ నొక్కండి.
- లైనక్స్‌లో ఎస్‌హెచ్ఏ256సమ్ (ఎస్, హెచ్, ఏ, 256, ఎస్, యూ, ఎం) అని కొట్టి పక్కన ఫైల్ పేరు ఇవ్వండి.

64 అక్షరాలూ కంటితో పోల్చాలంటే తల తిరుగుతుంది. వెబ్ పేజీలోని వరుసను కాపీ చేసి, మీకు వచ్చిన ఫలితంలో ఫైండ్ చేయండి. దొరికితే సరి. మొదటి నాలుగు, చివరి నాలుగు చూసి వదిలేసేవాళ్లూ ఉన్నారు. పాడైన ఫైల్‌ను పట్టుకోవడానికి అదీ సరిపోతుంది, ఎందుకంటే లోపల కొంచెం మారినా వరుస మొత్తం మారిపోతుంది.

## 4. డిస్కు మీదకు సరిగ్గా రాశారా

అన్నిటికంటే ఎక్కువగా చూసే తప్పు ఇదే: ఐఎస్ఓ ఫైలును మామూలు ఫైల్ లాగా కాపీ చేసి పెట్టడం. డిస్కును తెరిచి చూడండి. లోపల ఒకే ఒక్క ఐఎస్ఓ ఫైల్ కనిపిస్తే మీరు చేసింది కాపీ మాత్రమే. సరిగ్గా రాసిన డిస్కులో బూట్, ఈఎఫ్ఐ లాంటి ఫోల్డర్లు, వాటితో పాటు ఉబుంటు, మింట్ అయితే క్యాస్పర్, డెబియన్ లైవ్ అయితే లైవ్, ఫెడోరా అయితే లైవ్ఓఎస్ అనే ఫోల్డరు కనిపించాలి.

### సీడీ, డీవీడీ అయితే

- ముందు సైజు చూడండి. సీడీలో 700 ఎంబీ, మామూలు డీవీడీలో 4.7 జీబీ పడుతుంది. ఇప్పటి పెద్ద డిస్ట్రోల ఐఎస్ఓలు కొన్ని 5 జీబీ దాటుతున్నాయి, అవి డీవీడీలోనూ పట్టవు. వాటికి పెన్‌డ్రైవే దారి.
- విండోస్‌లో ఐఎస్ఓ మీద రైట్ క్లిక్ చేసి "బర్న్ డిస్క్ ఇమేజ్" ఎంచుకోండి. "వెరిఫై డిస్క్ ఆఫ్టర్ బర్నింగ్" దగ్గర టిక్ తప్పనిసరి.
- బర్నింగ్ ప్రోగ్రామ్ వేగం అడిగితే తక్కువది ఎంచుకోండి. 8ఎక్స్ చాలు. డ్రైవ్ పాతబడేకొద్దీ ఎక్కువ వేగంలో రాసినవాటిలో తప్పులు దొర్లడం మామూలే.
- తిరిగి రాసుకునే సీడీ-ఆర్‌డబ్ల్యూ డిస్కులను పాత డ్రైవులు సరిగా చదవలేవు. అనుమానం వస్తే సీడీ-ఆర్ వాడి చూడండి.

### పెన్‌డ్రైవ్ అయితే

విండోస్‌లో రూఫస్, ఎక్కడైనా ఎచర్, లైనక్స్‌లో గ్నోమ్ డిస్క్స్ లేదా డీడీ కమాండ్. ఏదైనా ఒకటి. ఒకదానితో రాసింది లేవకపోతే, అదే ఐఎస్ఓను ఇంకోదానితో రాసి చూడండి. ఇది మూఢనమ్మకం కాదు. ఒక్కో టూల్ రాసే పద్ధతి వేరు.

రూఫస్ మొదట ఐఎస్ఓ మోడ్, డీడీ మోడ్ అని రెండు దారులు చూపించవచ్చు. ఐఎస్ఓ మోడ్‌లో అది పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేసి ఫైళ్లను విప్పి పెడుతుంది. డీడీ మోడ్‌లో ఐఎస్ఓను ఉన్నదున్నట్టు అచ్చుగుద్దుతుంది. నా పద్ధతి ఇది: ముందు ఐఎస్ఓ మోడ్, లేవకపోతే డీడీ మోడ్.

డీడీ మోడ్‌లో రాశాక విండోస్ "ఈ డిస్కును ఫార్మాట్ చేయాలి, చేయమంటారా?" అని అడగవచ్చు. క్యాన్సిల్ కొట్టండి. డిస్కు బాగానే ఉంది, విండోస్‌కు దాన్ని చదవడం రాక అలా అడుగుతోంది అంతే. ఇక్కడ అలవాటుగా సరే కొట్టి, చేసిన పనంతా చెరిపేసుకున్నవాళ్లు తక్కువేం లేరు.

లైనక్స్‌లో డీడీ వాడేవాళ్లు రెండు చూసుకోవాలి. ఒకటి, రాయాల్సింది ఎస్‌డీబీ లాంటి మొత్తం డివైస్ మీదకు, ఎస్‌డీబీ1 అనే పార్టిషన్ మీదకు కాదు. రెండు, అది నిజంగా పెన్‌డ్రైవేనా అని ఎల్‌ఎస్‌బీఎల్‌కే కమాండ్‌తో సైజు చూసి నిర్ధారించుకోవాలి. ఒక్క అక్షరం తప్పితే మీ హార్డ్ డిస్కే పోతుంది, డీడీ ఏమీ అడగదు. పని అయ్యాక సింక్ కమాండ్ కొట్టి, ప్రాంప్ట్ తిరిగి వచ్చాకే పీకండి.

ఇంకో సంగతి: రాశాక పెన్‌డ్రైవ్ పేరు మార్చొద్దు. ఫెడోరా లాంటి డిస్ట్రోలు బూట్ అయ్యేటప్పుడు డిస్కును దాని లేబుల్ పేరుతోనే వెతుక్కుంటాయి. మీరు ముద్దుగా "నా లైనక్స్" అని పేరు పెడితే, దానికి డిస్కు దొరకదు.

## 5. కంప్యూటర్ డిస్కు వైపు చూస్తోందా

డిస్కు మంచిదే, అయినా విండోసే వస్తోంది. అప్పుడు బూట్ మెనూ కీ. కంప్యూటర్ ఆన్ చేసిన క్షణం నుంచి తడుతూ ఉండాలి, నొక్కి పట్టుకోకూడదు.

- డెల్, లెనోవో, ఏసర్: ఎఫ్12
- హెచ్‌పీ: ఎస్కేప్, ఆ తర్వాత ఎఫ్9
- ఆసుస్ ల్యాప్‌టాప్: ఎస్కేప్, ఆసుస్ మదర్‌బోర్డు: ఎఫ్8
- ఎంఎస్ఐ: ఎఫ్11
- గిగాబైట్: ఎఫ్12
- ఇంటెల్ మ్యాక్: ఆప్షన్ కీ, దీన్ని మాత్రం నొక్కి పట్టుకోవాలి

మోడల్‌ను బట్టి మారవచ్చు. ఏసర్‌లో కొన్నిటికి బయోస్ లోపల ఎఫ్12 బూట్ మెనూ అనే సెట్టింగు ముందు ఆన్ చేయాలి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ కీ కూడా కలిపి నొక్కాలి.

కీ ఎంత తట్టినా మెనూ రావడం లేదంటే అనుమానించాల్సింది విండోస్ ఫాస్ట్ స్టార్టప్‌ను. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ అన్నా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రపోతుంది. షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి, లేదా రీస్టార్ట్ వాడండి. ఇంకా సులువు: షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కితే నీలం తెర వస్తుంది. అందులో "యూజ్ ఎ డివైస్" ఎంచుకుంటే పెన్‌డ్రైవ్ అక్కడే కనిపిస్తుంది. కీ కొట్టే టైమింగ్ టెన్షన్ ఉండదు.

బయోస్ లోపల ఫాస్ట్ బూట్ అని వేరే ఒకటి ఉంటుంది. ఇది ఆన్‌లో ఉంటే యూఎస్‌బీని చూడకుండానే ముందుకెళ్లిపోవచ్చు. తాత్కాలికంగా ఆపండి.

మెనూ వచ్చింది గానీ అందులో పెన్‌డ్రైవ్ లేదా? ఈ వరుసలో చూడండి:

☐ హబ్ తీసేసి కంప్యూటర్‌కు నేరుగా పెట్టండి. డెస్క్‌టాప్ అయితే వెనక పోర్టులో.

☐ నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టు నుంచి నల్లటి యూఎస్‌బీ 2 పోర్టుకు మార్చండి.

☐ బయోస్‌లో యూఎస్‌బీ బూట్ అనేది ఆన్‌లో ఉందా చూడండి.

☐ ఇంకో పెన్‌డ్రైవ్‌తో ప్రయత్నించండి.

పెట్టిన బూట్ ఆర్డర్ ప్రతిసారీ పోతోందంటే, తేదీ కూడా తప్పు చూపిస్తోందంటే, మదర్‌బోర్డు మీద సీమాస్ బ్యాటరీ అయిపోయినట్టు. డెస్క్‌టాప్‌లలో సాధారణంగా అది నాణెం ఆకారంలో ఉండే సీఆర్2032.

## 6. యూఈఎఫ్ఐ, లెగసీ, సెక్యూర్ బూట్

బూట్ మెనూలో ఒకే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపించడం చూసే ఉంటారు: ఒకటి ముందు యూఈఎఫ్ఐ అని రాసి, ఇంకోటి ఉత్త పేరుతో. రెండూ ఒకటే కదా అని ఏదో ఒకటి నొక్కేస్తారు. ఒకటి కాదు. మొదటిది కొత్త పద్ధతి, రెండోది పాత బయోస్ పద్ధతి, దీన్నే లెగసీ అంటారు. ఒకటి లేవకపోతే రెండోది నొక్కి చూడండి, సెట్టింగులేవీ మార్చకుండా చేయగలిగే మంచి పరీక్ష ఇది.

తర్వాత లైనక్స్‌ను విండోస్ పక్కన ఇన్‌స్టాల్ చేసే ఉద్దేశం ఉంటే, విండోస్ ఏ పద్ధతిలో ఉందో లైవ్ సీడీ కూడా ఆ పద్ధతిలోనే లేవాలి. విండోస్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే బయోస్ మోడ్ అనే వరుసలో తెలుస్తుంది.

రూఫస్‌లో పార్టిషన్ పద్ధతిగా జీపీటీ ఎంచుకుని రాస్తే అది యూఈఎఫ్ఐ మెషీన్లలోనే లేస్తుంది. పాత కంప్యూటర్ కోసమైతే ఎంబీఆర్ ఎంచుకోండి.

సెక్యూర్ బూట్. ఉబుంటు, ఫెడోరా, డెబియన్ లాంటివి సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్నా లేస్తాయి, ఎందుకంటే వాటి మొదటి మెట్టు అయిన షిమ్ అనే చిన్న ప్రోగ్రామ్ మీద మైక్రోసాఫ్ట్ సంతకం ఉంటుంది. ఆర్చ్ ఐఎస్ఓ అలా కాదు, దానికి సెక్యూర్ బూట్ ఆపాల్సిందే.

ఇక్కడ రెండు చిక్కులు ఈమధ్య ఎక్కువగా కనిపిస్తున్నాయి.

మొదటిది: "వెరిఫయింగ్ షిమ్ ఎస్‌బీఏటీ డేటా ఫెయిల్డ్: సెక్యూరిటీ పాలసీ వయొలేషన్" అనే మెసేజ్. 2024 ఆగస్టులో వచ్చిన విండోస్ అప్‌డేట్ తర్వాత, పాత షిమ్ ఉన్న డిస్కులు చాలా మెషీన్లలో ఇలా ఆగిపోయాయి. ఇదివరకు లేచిన పెన్‌డ్రైవ్ ఇవాళ లేవకపోతే ఇదే కారణం కావొచ్చు. అదే డిస్ట్రో తాజా ఐఎస్ఓ దించుకుని రాయడం సరైన పరిష్కారం. సెక్యూర్ బూట్ ఆపడం తాత్కాలిక దారి.

రెండోది: కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ సొంత సంతకాన్నే నమ్మి, ఇతరుల ప్రోగ్రామ్‌ల కోసం అదే మైక్రోసాఫ్ట్ వేసే సంతకాన్ని నమ్మకుండా సెట్ చేసి ఇస్తారు. లెనోవో బయోస్‌లో "అలౌ మైక్రోసాఫ్ట్ థర్డ్ పార్టీ యూఈఎఫ్ఐ సీఏ" అనే వరుస ఉంటే దాన్ని ఆన్ చేయండి. సెక్యూర్ బూట్ మొత్తం ఆపక్కర్లేదు.

రెండిట్లో ఏది చేసినా ముందు బిట్‌లాకర్ కీ చేతిలో ఉండాలి. మళ్లీ చెబుతున్నానని విసుక్కోవద్దు.

64 బిట్ ప్రాసెసర్ ఉండి, ఫర్మ్‌వేర్ మాత్రం 32 బిట్ ఉన్న చిన్న ట్యాబ్లెట్లు, తక్కువ ధర నోట్‌బుక్‌లు కొన్నేళ్లు వచ్చాయి. పాత ఆటమ్ ప్రాసెసర్లవి. వాటిలో మామూలు 64 బిట్ డిస్కు కనిపించనే కనిపించదు. ఈఎఫ్ఐ ఫోల్డర్‌లో బూట్ఐఏ32 అనే ఫైల్ ఉన్న ఐఎస్ఓ వెతకండి.

యాపిల్ సొంత చిప్ ఉన్న మ్యాక్‌లలో మామూలు లైవ్ ఐఎస్ఓ ఏదీ లేవదు. ఆ ప్రయత్నం మానుకోండి. టీ2 చిప్ ఉన్న ఇంటెల్ మ్యాక్‌లలో మాత్రం స్టార్టప్ సెక్యూరిటీ యుటిలిటీలోకి వెళ్లి, బయటి డిస్కు నుంచి బూట్‌కు అనుమతి ఇవ్వాలి, సెక్యూర్ బూట్ ఆపాలి.

## 7. మెనూ రావాల్సిన చోట ఎర్రర్

- "ఐసోలైనక్స్: ఇమేజ్ చెక్‌సమ్ ఎర్రర్": డిస్కు రాయడంలో తప్పు జరిగింది, లేదా డ్రైవ్ చదవలేకపోతోంది. తక్కువ వేగంలో మళ్లీ రాయండి.
- "ఫెయిల్డ్ టు లోడ్ ఎల్‌డీలైనక్స్": పెన్‌డ్రైవ్ రాసిన టూల్, ఐఎస్ఓలోని బూట్‌లోడర్ ఒకదానికొకటి పొసగలేదు. డీడీ మోడ్‌లో రాయండి, లేదా టూల్ మార్చండి.
- ఉత్త గ్రబ్ ప్రాంప్ట్: గ్రబ్ లేచింది, దాని మెనూ ఫైల్ దొరకలేదు. లైవ్ డిస్కు విషయంలో అక్కడ కమాండ్లు కొట్టుకుంటూ కూర్చోవడం దండగ. మళ్లీ రాయండి.
- గ్రబ్ రెస్క్యూ ప్రాంప్ట్: చాలాసార్లు ఇది మీ లైవ్ డిస్కుది కాదు, హార్డ్ డిస్కులో ఉన్న పాత లైనక్స్‌ది. అంటే కంప్యూటర్ అసలు డిస్కు వైపు చూడనే లేదు. 5వ భాగానికి వెళ్లండి.

వెంటాయ్ వాడేవాళ్లు, అంటే ఒకే పెన్‌డ్రైవ్‌లో పది ఐఎస్ఓలు పెట్టుకునేవాళ్లు, సమస్య వస్తే ఆ ఒక్క ఐఎస్ఓను విడిగా ఇంకో పెన్‌డ్రైవ్ మీద రాసి చూడండి. మధ్యలో ఇంకో మెట్టు ఉన్నప్పుడు తప్పు ఎవరిదో తేల్చడం కష్టం.

## 8. మెనూ వచ్చింది, తర్వాత నల్ల తెర

నాకు తెలిసినంతలో, డిస్కు సరిగ్గా ఉండీ లైవ్ సిస్టమ్ రాకపోవడానికి ఎక్కువగా కారణమయ్యేది గ్రాఫిక్స్ కార్డే, ముఖ్యంగా ఎన్‌విడియా. కెర్నల్ బాగానే నడుస్తూ ఉంటుంది, తెర మీద బొమ్మ మాత్రం రాదు. పెన్‌డ్రైవ్ లైటు మినుకుమంటూ ఉందా, క్యాప్స్ లాక్ నొక్కితే దాని లైటు మారుతోందా చూడండి. మారితే సిస్టమ్ బతికే ఉందన్నమాట.

ముందు సులువైన దారి. మెనూలోనే దీనికోసం ఒక వరుస ఉంటుంది. ఉబుంటులో "సేఫ్ గ్రాఫిక్స్", మింట్‌లో "కంపాటిబిలిటీ మోడ్", ఫెడోరాలో ట్రబుల్‌షూటింగ్ కింద "బేసిక్ గ్రాఫిక్స్ మోడ్". అది నొక్కి చూడండి.

లేకపోతే చేత్తో చేయాలి:

1. గ్రబ్ మెనూలో కావాల్సిన వరుస మీద నిలబడి ఇంగ్లిష్ ఈ అక్షరం నొక్కండి. ఐసోలైనక్స్ మెనూ అయితే ట్యాబ్ నొక్కండి.
2. లైనక్స్ అనే మాటతో మొదలయ్యే వరుస వెతకండి. పొడుగ్గా ఉండి తర్వాతి వరుసలోకి కూడా విరుగుతుంది.
3. దాంట్లో క్వయెట్, స్ప్లాష్ అనే రెండు మాటలు ఉంటే చెరిపేయండి. ఇక లోగో బదులు అక్షరాలు కనిపిస్తాయి, ఎక్కడ ఆగిందో తెలుస్తుంది.
4. వాటి స్థానంలో నోమోడ్‌సెట్ అని టైప్ చేయండి. అక్షరాలు: ఎన్, ఓ, ఎం, ఓ, డీ, ఈ, ఎస్, ఈ, టీ. మధ్యలో ఖాళీలు వద్దు, ముందొకటి, వెనకొకటి ఖాళీ ఉండాలి. ఆ వరుసలో మూడు అడ్డగీతలు ఉంటే వాటికి ముందు రాయండి.
5. కంట్రోల్, ఎక్స్ కలిపి నొక్కండి. ఎఫ్10 కూడా పనిచేస్తుంది. ట్యాబ్ దారిలో వచ్చినవాళ్లు ఎంటర్ నొక్కితే చాలు.

ఈ మార్పు ఈ ఒక్క బూట్‌కే. తప్పు టైప్ చేసినా భయం లేదు, రీస్టార్ట్ చేస్తే మళ్లీ మామూలే. డెస్క్‌టాప్ వచ్చినా అక్షరాలు పెద్దగా, బొమ్మ కాస్త మొరటుగా ఉండొచ్చు. నోమోడ్‌సెట్‌తో అంతే. ఇన్‌స్టాల్ అయ్యాక సరైన డ్రైవర్ వేసుకుంటే పోతుంది.

ఇదీ పనిచేయకపోతే ఏసీపీఐ=ఆఫ్ అని, నోఏపీఐసీ అని సలహాలు దొరుకుతాయి. పాత మెషీన్లలో కొన్నిసార్లు ఇవి దారి చూపిస్తాయి. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో ఏసీపీఐని (కరెంటు, హార్డ్‌వేర్ సంగతులు చూసే ఏర్పాటు) ఆపేస్తే కీబోర్డు, టచ్‌ప్యాడ్, బ్యాటరీ లెక్క వరకూ ఏదైనా పోవచ్చు కాబట్టి దాన్ని చివరికి ఉంచుకోండి. ఒక్కోటి విడిగా ప్రయత్నించండి, అన్నీ కలిపి దట్టించొద్దు.

అక్షరాలు కనిపించడం మొదలయ్యాక "ఏసీపీఐ బయోస్ ఎర్రర్" అని ఎర్రగానో తెల్లగానో నాలుగు వరుసలు వస్తే కంగారుపడకండి. సవ్యంగా నడిచే ల్యాప్‌టాప్‌లలో కూడా ఇవి వస్తాయి, చాలావరకు హానిలేనివి. చూడాల్సింది అన్నిటికంటే చివర ఆగిపోయిన వరుస.

## 9. "లైవ్ ఫైల్ సిస్టమ్ దొరకలేదు"

"అన్‌ఏబుల్ టు ఫైండ్ ఎ మీడియం కంటెయినింగ్ ఎ లైవ్ ఫైల్ సిస్టమ్" అని వచ్చి ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ ప్రాంప్ట్ దగ్గర ఆగడం, ఫెడోరా అయితే "డ్రాకట్ ఇనిట్‌క్యూ టైమ్అవుట్" అని రావడం. వింతేమిటంటే కెర్నల్ ఈ పెన్‌డ్రైవ్ నుంచే కదా వచ్చింది, మళ్లీ దొరకకపోవడమేంటి? కారణం: మొదట చదివింది ఫర్మ్‌వేర్. ఇప్పుడు కెర్నల్ తన సొంత డ్రైవర్‌తో డిస్కును కొత్తగా వెతుక్కోవాలి. ఆ పోర్టు డ్రైవర్ దగ్గరో, లేబుల్ దగ్గరో తేడా కొడుతుంది.

ప్రాంప్ట్ దగ్గర బీఎల్‌కేఐడీ అని కొట్టండి (బీ, ఎల్, కే, ఐ, డీ). జాబితాలో పెన్‌డ్రైవ్ లేకపోతే, పీకి ఇంకో పోర్టులో పెట్టి, కొన్ని సెకన్లు ఆగి ఎగ్జిట్ అని కొట్టండి. ఒక్కోసారి అక్కడినుంచే ముందుకెళ్లిపోతుంది. జాబితాలో ఉండి కూడా దొరకలేదంటే లేబుల్ సమస్య, డీడీ మోడ్‌లో మళ్లీ రాయండి.

"స్క్వాష్‌ఎఫ్ఎస్ ఎర్రర్", "బఫర్ ఐఓ ఎర్రర్" అని వరుసలు వరదలా వస్తుంటే డిస్కు చదవడంలోనే లోపం. ఆ వరుసల్లో ఎస్ఆర్0 అనే పేరు కనిపిస్తే అది మీ సీడీ డ్రైవ్. గీతలు పడ్డ డిస్కా, దుమ్ము పట్టిన లెన్సా చూడండి. ఫెడోరా మెనూలో "టెస్ట్ దిస్ మీడియా", మింట్‌లో "ఇంటెగ్రిటీ చెక్" ఉంటాయి. వాటిని ఒకసారి నడిపిస్తే డిస్కు సంగతి ఖాయంగా తేలుతుంది. ఉబుంటు 20.04 నుంచి ఈ తనిఖీని తనే మొదలుపెడుతుంది. ఆలస్యమవుతోందని చాలామంది కంట్రోల్, సీ కొట్టి దాటేస్తారు. సమస్య ఉన్నప్పుడు మాత్రం పూర్తవనివ్వండి.

## 10. ఒక్కోసారి ఒక్కోచోట ఆగితే

ఒకసారి మెనూ దగ్గర, ఇంకోసారి డెస్క్‌టాప్ దాకా వచ్చి, మరోసారి కెర్నల్ ప్యానిక్, అంటే కెర్నల్ తప్పు తట్టుకోలేక నిలిచిపోవడం. ఇలా నిలకడ లేకుండా ఉంటే ర్యామ్‌ను అనుమానించండి. మెమ్‌టెస్ట్86+ నడపండి. 6వ వెర్షన్ నుంచి అది యూఈఎఫ్ఐలోనూ పనిచేస్తుంది. కనీసం ఒక పూర్తి పాస్ అవ్వాలి, వీలైతే రాత్రంతా వదిలేయండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ర్యామ్ స్టిక్కులు ఒక్కోటీ విడిగా పెట్టి చూడాల్సిందే.

చవకగా దొరికే నకిలీ పెన్‌డ్రైవులు 64 జీబీ అని చెప్పి లోపల 8 జీబీయే ఉంటాయి. రాసేటప్పుడు ఏమీ అనవు, చదివేటప్పుడు బయటపడతాయి. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, ఎఫ్3 లాంటి టూల్స్ ఆ గుట్టు విప్పుతాయి.

## 11. సాయం అడిగేటప్పుడు, పని అయ్యాక

ఇంత చేసినా తేలకపోతే ఎవరినైనా అడగాలి. అప్పుడు ఇవి రాయండి:

☐ మెషీన్ మోడల్, గ్రాఫిక్స్ కార్డు, ర్యామ్ ఎంత

☐ డిస్ట్రో, వెర్షన్, ఐఎస్ఓ ఫైల్ పూర్తి పేరు, చెక్‌సమ్ సరిపోయిందా

☐ ఏ టూల్‌తో, ఏ మోడ్‌లో రాశారు

☐ యూఈఎఫ్ఐనా లెగసీనా, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉందా

☐ ఇంకో కంప్యూటర్‌లో అదే డిస్కు లేచిందా

☐ ఆగిపోయిన తెర ఫోటో

డెస్క్‌టాప్ వచ్చిందా? అయితే కాగితం తీయండి. మీరు మార్చి, ఇక అవసరం లేని సెట్టింగులను ఒక్కోటీ వెనక్కి పెట్టండి, ముఖ్యంగా సెక్యూర్ బూట్, ఫాస్ట్ బూట్. లైవ్ డెస్క్‌టాప్‌లో హార్డ్ డిస్కు కనిపించలేదని బయోస్‌లో స్టోరేజ్‌ను రెయిడ్ నుంచి ఏహెచ్‌సీఐకి (హార్డ్ డిస్కుతో మాట్లాడే రెండు పద్ధతులు) మార్చారా? దాన్ని వెనక్కి పెట్టకుండా విండోస్ తెరిస్తే నీలం తెర రావడం దాదాపు ఖాయం. ఆ తర్వాత డిస్కు లేకుండా ఒకసారి విండోస్ తెరిచి, మామూలుగా వస్తోందని చూసుకోండి.